మసిపురుగు చచ్చే దారి

లక్ష్మీదుర్గ నలభయ్యో పడిలో పడ్డాక జంతువులను పుట్టించడం మొదలుపెట్టింది. అప్పటిదాకా పద్నాలుగేళ్లుగా బ్రాడీపేటలోని ఒక కోచింగ్ సెంటర్లో, దేవుడు పుట్టించినవాటి గురించే పాఠం చెప్పేది. ఆవిడ బోర్డు మీద బొద్దింకను గీస్తే ముందు బెంచీ ఆడపిల్లలు కాళ్లు పైకి పెట్టుకునేవారట.

దీనంతటికీ కారణం ఫిజిక్సు ప్రేమ్‌చంద్. 2002లో ఆయన నెట్ సెంటర్లో కూర్చుని ఒక విదేశీ ఆట నియమాలను ముప్ఫై పేజీలు ప్రింటు తీసుకొచ్చాడు. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక వీరుడి వేషం కట్టి, ఎదురొచ్చిన మృగంతో పోరాడే ఆట అది. దానికి ఇరవై ముఖాల పాచిక కావాలి. గుంటూరంతా గాలించినా దొరకలేదు. చివరికి ఇరవై చింతగింజల మీద అంకెలేసి స్టీలు గిన్నెలో పోశారు, పాచికకు బదులు చూడకుండా ఒక గింజ తీసేవారు. ఆదివారం పొద్దున పిల్లలకు మోడల్ టెస్టు, మధ్యాహ్నం అదే గదిలో అయిదుగురు లెక్చరర్లకు యుద్ధం.

విదేశీ మృగాలు ఎవరికీ రుచించలేదు. చిన్నప్పుడు అందరూ చదివిన జానపద సీరియల్ ఒకటుంది. పత్రిక మూతపడి అది మధ్యలోనే ఆగిపోయింది. అందులోని జంతువులనే ఆటలోకి దింపి పుస్తకం చేయాలనుకున్నారు. ఆ పని జువాలజీ మేడమ్ మీద పడింది. "ఉప్పుకప్ప భయంకరంగా అరిచింది" అని రాసి రచయిత చేతులు దులుపుకున్నాడు. ఆటకు అది చాలదు. దాని ప్రాణమెంత, దెబ్బెంత, దేనికి జడుస్తుంది, అన్నీ కావాలి. లక్ష్మీదుర్గ ఉప్పుకప్ప గుడ్లు పెట్టే కాలం కూడా రాసింది. గిరగిరా సుడి తిరుగుతూ మీద పడే సుడికోడికి కళ్లు తిరక్కుండా చెవిలో ప్రత్యేకంగా ఒక తిత్తి అమర్చింది.

"మేడమ్, మనం దాన్ని చంపాలండీ, ఎంసెట్ రాయించక్కర్లేదు," అన్నాడు ప్రేమ్‌చంద్.

పైర్లు మేసే నల్లటి మసిపురుగు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. సీరియల్లో రాజకుమారుడు దాన్ని ఒక్క వేటుకు నరికేస్తాడు. లక్ష్మీదుర్గ ఒప్పుకోలేదు. వాళ్ల నాన్న ప్రత్తిపాడు దగ్గర పత్తి వేసి, పురుగు చేతిలో ఓడిపోయి, చేను వదులుకున్న మనిషి. ఆవిడ ఇలా రాసింది: "ఒకే ఆయుధంతో రెండోసారి కొడితే సగం దెబ్బే తగులుతుంది. మూడోసారి తగలదు. పైగా పురుగు బలుస్తుంది."

మూడు ఆదివారాలు అయిదుగురు వీరులూ వరసగా చచ్చారు.

"చావు లేనిదాన్ని పుస్తకంలో పెట్టలేం మేడమ్. వచ్చే ఆదివారానికి అది చచ్చే దారి చెప్పండి. లేదంటే తీసేద్దాం," అని ప్రేమ్‌చంద్ తేల్చేశాడు.

ఆ పురుగు ఎలా బతుకుతుందో ఆవిడకు తెలుసు. ఎలా చస్తుందో నిజంగానే తెలియదు. వాళ్ల నాన్నకూ తెలియలేదు. అయినా దాన్ని తీసేయడానికి ఎందుకో ఆవిడకు మనసొప్పలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే అసలు తప్పు జరిగిపోయిందని ఆవిడకు అప్పటికి తెలియదు. ముందురోజు టెస్టు పేపరు రాసిన కాగితమే వెనక్కి తిప్పి మసిపురుగు వివరాలు రాసుకుంది. కింద జిరాక్సు షాపు సిలార్ రెండు వైపులా కొట్టేశాడు. రెండు వందల నలభై కాపీలు.

కోచింగ్ పిల్లలు అచ్చయినదాన్ని అనుమానించరు. సోమవారం తేజశ్రీ అనే అమ్మాయి లేచి నిలబడింది.

"మేడమ్, మసిపురుగు ఏ ఫైలమండీ? మా బుక్కులో లేదు. హాస్టల్లో అందరం బట్టీ పట్టేశాం."

నిజం చెప్పేస్తే పోయేది. కానీ మేడమ్ నాలుక అడ్డం తిరిగింది. "సిలబస్‌లో లేదమ్మా," అంది.

గురువారం డైరెక్టరు గది బయట ఒక రైతు కూర్చుని కనిపించాడు. చేతిలో అదే కాగితం. తేజశ్రీ తండ్రి ఆదెయ్య. ఫిర్యాదుకే వచ్చాడనుకుని, తన ఉద్యోగానికి నీళ్లొదులుకుని, లక్ష్మీదుర్గ ఆయన దగ్గరికి వెళ్లింది.

"ఇది రాసింది మీరేనా అమ్మా?"

"నేనేనండి."

"ఈ పురుగు మా చేలో పడింది. మాది పచ్చంగా ఉంటది, అదే తేడా. ఒకే మందు అయిదు తడవలు కొట్టా. మీరు రాసినట్టే బలిసింది. మరి ఎట్టా చచ్చుద్దో రాయలేదే?"

"ఆదెయ్య గారూ, అది నిజం పురుగు కాదండి. మేం ఆదివారం ఆడుకునే ఆటలోది." ఆ "ఆడుకునే" అన్న మాట దగ్గర ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"పెద్దోళ్లేనా ఆడేది?"

"అయిదుగురు లెక్చరర్లమండి."

"చచ్చిందా మరి?"

"మూడు వారాలైంది. చావలేదు."

ఆదెయ్య పకపకా నవ్వాడు. "అయితే మీరూ నా బాపతేనన్నమాట! రా అమ్మా, కూర్చో." బెంచీ మీద పక్కకు జరిగాడు. "మందులు రాకముందు మా అమ్మ బసవమ్మ చేత్తో ఏరేది. తెల్లారగట్ల, మంచు ఆరకముందు. కానీ ఒక్కడు ఏరితే లాభం లేదు, పక్క చేలోంచి మళ్లీ వచ్చుద్ది. అందరూ ఒకే రోజు దిగాల."

"మరి ఈసారి ఎందుకు దిగలేదండీ?"

ఆదెయ్య మెడ గోక్కున్నాడు. "పక్క చేనోడితో నాకు మాటల్లేవులే. ఇప్పుడిక మాట్లాడాల్సిందే."

లక్ష్మీదుర్గ ఆ కాగితం అంచునే, కొట్టిన మందే మళ్లీ ఎందుకు కొట్టకూడదో వివరంగా రాసిచ్చింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. డైరెక్టరును కలవకుండానే బస్సెక్కాడు.

ఆదివారం ఆవిడ కొత్త వాక్యం చదివింది: "అందరూ ఆయుధాలు కింద పెట్టి, ఒకే వంతులో, చేతులతో పట్టుకోవాలి. ఒక్కరు ఆగినా చెల్లదు."

"నా ఖడ్గం కింద పెట్టాలా? మూడు నెలలు కష్టపడి సంపాదించానండీ!" ప్రేమ్‌చంద్ కుర్చీలోంచి లేచాడు. "పైగా కథలో నా వీరుడికీ మన జట్టులోని మంత్రగత్తెకూ మాటల్లేవు!"

"ఇప్పుడిక మాట్లాడాల్సిందే సార్."

పది నిమిషాలు గింజుకుని ఆయన ఖడ్గం రాసున్న చీటీని బల్ల మీద బోర్లా పెట్టాడు. అయిదు చేతులు గిన్నెలోకి వెళ్లాయి. మసిపురుగు చచ్చింది. పుస్తకంలో దానికి పదిహేడో పేజీ దక్కింది. మిగతా జంతువులన్నిటి కింద "మూలం" అన్నచోట సీరియల్ పేరుంటే, దీని కింద "బసవమ్మ, ఆదెయ్య" అని ఉంది.

మర్నాడు ఆవిడ క్లాసులో నిజం చెప్పింది. అది ఆటలో పురుగని, ఆ రోజు తాను తప్పించుకున్నానని, అది చచ్చే దారి ఇదనీ చెప్పింది. పిల్లలు శ్రద్ధగా నోట్సులో రాసుకున్నారు. తేజశ్రీ మళ్లీ లేచింది.

"ఎన్ని మార్కులకొస్తుందండీ?"