లక్సెట్టిపేట దాటాక స్టీరింగ్ నాది

ఆగస్టులో ఒక శనివారం పొద్దున ఆరుంబావుకు కరీంనగర్‌లో బయలుదేరాం. వారం రోజులుగా ముసురు. కుంటాల జలపాతం నిండుగా దూకుతోందని విన్నప్పటి నుంచి నాకు ఇంట్లో కాలు నిలవలేదు.

కారులో ముగ్గురం. నేను సర్కారు బడిలో తెలుగు టీచర్ని. మా ఆయన యూసుఫ్‌కు టైర్ల దుకాణం ఉంది. వెనుక సీట్లో ఆయన అక్క, హుజూరాబాద్ నుంచి ముందురోజే వచ్చిన ఫాతిమా ఆపా, ఒళ్లో పూరీల డబ్బా.

నిజానికి యూసుఫ్ ఆ రోజు స్టీరింగ్ పట్టుకోకూడదు. ఫోన్ మాట్లాడుతూ బండి నడిపి రెండోసారి దొరికినందుకు ఆయన లైసెన్సు మూడు నెలలు సస్పెండ్ చేశారు. ఇంకో నెల మిగిలే ఉంది. అయితే పెళ్లికి ముందు చంద్రాపూర్‌లో ఉన్నప్పుడు తీసుకున్న మహారాష్ట్ర లైసెన్సు ఒకటి ఆయన దగ్గరుంది. ఇక్కడ కొత్తది తీసుకున్నప్పుడు పాతది అప్పగించలేదు.

"ఇక్కడోళ్లు ఆపింది ఇక్కడి కార్డును. గిది మహారాష్ట్రది. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

నా దగ్గరా లైసెన్సు ఉంది. ఎనిమిది నెలల కిందట వచ్చింది. కానీ బడికీ మార్కెట్‌కూ తప్ప ఎటూ నడపలేదు. పెద్ద రోడ్డు అనుకుంటేనే అరచేతులకు చెమటలు పట్టేవి. అందుకే తప్పని తెలిసీ నోరెత్తకుండా పక్క సీట్లో కూర్చున్నాను.

ఏడింటికి చొప్పదండిలో చాయ్ తాగాం. ఎనిమిది దాటాక రాయపట్నం వంతెన ఎక్కితే, గోదావరి ఒడ్డు నుంచి ఒడ్డుకు ఎర్రగా పారుతోంది. ఆపా అద్దం దించి, "యా అల్లా, ఎన్ని నీళ్లో!" అని చిన్నపిల్లలా కేక వేసింది.

లక్సెట్టిపేట దగ్గర వాహనాల తనిఖీ. రెయిన్‌కోటు వేసుకున్న మహిళా ఎస్సై యూసుఫ్ ఇచ్చిన కార్డును అటూ ఇటూ తిప్పింది.

"బండి కరీంనగర్‌ది. లైసెన్సు చంద్రాపూర్‌ది. ఎట్ల సార్?"

"ఒకప్పుడు అక్కడ పని చేసిన మేడమ్."

ఆమె కార్డు తిరిగి ఇవ్వబోయి, నా వైపు వంగింది. "మీరేం చేస్తరమ్మా?"

"టీచర్ని."

"ఈయనకు ఇంకో లైసెన్సు ఏమన్న ఉన్నదా?"

యూసుఫ్ నా వైపు చూడలేదు. "ఉంది మేడమ్. సస్పెన్షన్‌లో ఉంది" అన్నాను.

ఎస్సై అరవలేదు. యూసుఫ్‌ను కిందికి దిగమంది. "ఆపింది కార్డును కాదు సార్, మిమ్మల్ని. ఏ రాష్ట్రం కార్డు చూపెట్టినా మీరు నడపొద్దు. రెండు కార్డులు ఉంచుకునుడు ఇంకో తప్పు." ఆమె కేసు రాసి, కార్డు తీసుకుని, రసీదు చేతికిచ్చింది. "బండి నడిపేటోళ్లు ఇంకెవరన్న ఉన్నరా? లేకుంటే స్టేషన్‌ల పెట్టి పోవాలె."

"నేనున్నాను" అన్న గొంతు నాదేనా అనిపించింది.

ఆమె నా లైసెన్సు చూసి నవ్వింది. "జర మెల్లగ పోండ్రి టీచరమ్మా."

తొమ్మిదిన్నరకు స్టీరింగ్ నా చేతికొచ్చింది. సీటు ముందుకు జరుపుకున్నాను. మొదటిసారి బండి ఆగిపోయింది. రెండోసారి కదిలింది. వెనుక ఆపా దువా చదవడం మొదలుపెట్టింది. యూసుఫ్ కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

జన్నారం దాటితే కవ్వాల్ అడవి. చెక్‌పోస్టు దగ్గర గార్డు బండి నంబరు రాసుకుని, "జింకలు అడ్డమొస్తయి, పైలం" అన్నాడు. రెండు పక్కలా తడిసిన టేకు చెట్లు, మధ్యలో నల్లటి రోడ్డు. మూడో గేరు, నాలుగో గేరు. భయం ఎక్కడ దిగిపోయిందో తెలియదు. ఒక మలుపులో చుక్కల జింకలు మూడు రోడ్డు దాటాయి. బ్రేకు మీద కాలు దానంతటదే పడింది. ఆనందంతో అరవబోయి ఆపుకున్నాను.

కొంతదూరం పోయాక వాగు రోడ్డు మీదుగా పారుతోంది. బస్సు, రెండు జీపులు ఆగి ఉన్నాయి. మేమూ ఆగాం. పూరీలు తిన్నాం. అప్పుడు నోరు విప్పాడు యూసుఫ్.

"నువ్వు చెప్పకుంటే ఆమె పంపించేది."

"పంపించేది. ఇందాకటి జింకల చోట ఒక మనిషి ఉండి, నువ్వు నడుపుతుంటే తగిలి ఉంటే? అప్పుడు ఏ కార్డు చూపించేవాళ్లం?"

ఆపా అందుకుంది. "దుల్హన్ చెప్పింది సహీ. నీకు పోలీసోళ్లంటే భయం లేదు, ఆమెకు మనుషులంటే భయం ఉన్నది." తమ్ముడి భార్యనైన నన్ను ఆమె ఇప్పటికీ దుల్హన్, అంటే పెళ్లికూతురు, అనే పిలుస్తుంది.

ముప్పావుగంటకు నీళ్లు తగ్గి రోడ్డు బయటపడింది. బస్సు దాటింది, జీపులు దాటాయి. యూసుఫ్ దిగి, బురద ఎక్కడెంత ఉందో చూసి వచ్చాడు. "ఫస్ట్ గేర్‌లనే పో. నడుమ ఆపకు. నేనున్న కదా." దాటేశాం. ఆపా చప్పట్లు కొట్టింది. యూసుఫ్ కూడా నవ్వాడు.

ఒంటిగంటకు ఉట్నూరులో జొన్నరొట్టె, పప్పు తిన్నాం. రొట్టెలు చేసే ఆమె, "బస్సుకు వచ్చిండ్రా తాయీ?" అని అడిగింది. మరాఠీలో అక్క అన్నట్టు.

"లేదు. నేనే నడుపుకుంటూ వచ్చిన!"

అడగకపోయినా కరీంనగర్ నుంచి అని కూడా చెప్పాను. లక్సెట్టిపేట నుంచి అనాలి నిజానికి. నాలుగింటికి ఆదిలాబాద్ చేరి, బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం.

ఆదివారం ఎనిమిదిన్నరకల్లా కుంటాలలో ఉన్నాం. వెళ్లాలనుకునేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, జనం తక్కువ. మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. జలపాతం కనబడకముందే చప్పుడు ఛాతీకి తగిలింది. నురగలు కక్కుతూ దూకే నీటి తుంపర మా మొహాల మీద పడుతుంటే, ముగ్గురం ఒకరి మాట ఒకరికి వినబడక ఊరికే నవ్వుకున్నాం.

తిరుగుదారి మహబూబ్ ఘాట్ మీదుగా నిర్మల్. ఘాట్‌లో దిగుతున్నంతసేపూ యూసుఫ్ చెబుతూనే ఉన్నాడు: గేరు తగ్గించు, హారన్ కొట్టు, లారీకి దారియ్యి. చెప్పినట్టే చేశాను. నిర్మల్‌లో చాయ్ తాగేటప్పుడు, "సోమవారం ఆర్టీఏ ఆఫీసుకు పోయి రెండు కార్డుల సంగతి నేనే చెప్తా" అన్నాడు. నేనేమీ అడగలేదు.

ఇన్నేళ్లు పక్క సీట్లో కూర్చుని ఎన్నో ఊళ్లు చూశాను. ఈ రెండు రోజుల్లోనే రోడ్డును చూశాను. ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ మలుపు మోసం చేస్తుందో ఇప్పుడు నా కాళ్లకూ చేతులకూ తెలుసు.

జగిత్యాల దాటాక పక్కనుంచి సలహాలు ఆగిపోయాయి. పక్కకు చూస్తే, యూసుఫ్ తల అద్దానికి ఆనించి హాయిగా గురక పెడుతున్నాడు.