ఉప్పునీళ్ళు తాగిన ఇంజను

మా అన్నయ్య జీపులోకి ఇంజను తిరిగి ఎక్కించేటప్పుడు నన్ను షెడ్డులోకి రానివ్వలేదు. ఆ బండిని ఒకప్పుడు విప్పిందీ నేనే, బిగించిందీ నేనే, అయినా పోయిన నెలలో ఓ ఉదయం మా అన్నయ్య కొడుకు షెడ్డు గుమ్మంలో అడ్డంగా నిలబడి, "బాబాయ్‌గారూ, మీరు అరుగు మీద కూర్చోండి. ఏమీ అనుకోకండి, అమ్మ సంగతి మీకు తెలుసు కదండీ," అన్నాడు. తెలుసు. వాళ్ళమ్మ, అంటే మా వదిన, నేను బిగించిన ఇంజను దారిలో ఆగిపోవడం వల్లే పోయిందని మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. అది అబద్ధం. ఈ రాత వాడూ చదువుతాడని తెలిసే రాస్తున్నాను.

మీలో నా ఈడువాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మాది రాజోలు వైపు లంక. ఏటి మీద వంతెన లేదు, అమలాపురం వెళ్ళాలంటే రేవులో పంటు, అదే, బల్లకట్టు ఎక్కి దాటాలి, వానాకాలం వచ్చిందంటే కాలవగట్టు మీద ఎడ్లబండి ఇరుసుదాకా దిగబడి ఎడ్లు మోకాళ్ళ మీద కూలబడేవి. అలాంటి బురదలో కదిలేది మా నాన్నగారు వేలంలో కొన్న మిలటరీ జీపొక్కటే, నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందేది కనక. ఊళ్ళో ఎవరికి పాము కరిచినా, ఎవరికి నొప్పులొచ్చినా మా గుమ్మంలోకే పరిగెత్తుకొచ్చేవారు. అన్నయ్యకి దాన్ని నడపడం సరదా, నాకు దాని పొట్టలో చెయ్యి పెట్టడం సరదా. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో దొరికిన ఇంగ్లీషు పుస్తకమొకటి ముందేసుకుని, మాట అర్థం కాకపోయినా బొమ్మ అర్థం చేసుకుంటూ, ఆ జీపునే విప్పీ బిగించీ పని నేర్చుకున్నాను. చుట్టుపక్కల ట్రాక్టర్లూ లారీలూ నా దగ్గరకి రావడం మొదలైంది కూడా అప్పుడే. మా వదిన నూనె పట్టిన నా నల్లటి చేతులకి కాఫీ గ్లాసు అందించడానికి తటపటాయిస్తూ, "మరిదిగారూ, మీ జీపుకి పోసిన నూనెలో సగం నా తలకి పెట్టుంటే ఈపాటికి జడ మోకాళ్ళు దాటేదండి," అనేది.

ఓ వేసవిలో, కొబ్బరి దింపు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, కాయలు మోసే మా పడవ ఇంజను పాడైపోయింది. జీపు ఇంజను తీసి పడవలో పెడదామన్నాడు అన్నయ్య. మన వైపు అదేమీ వింత కాదు. ఒకే ఇంజను ఓ పూట చేలో నీళ్ళు తోడి, ఇంకో పూట పడవ నడిపి, నూర్పిళ్ళకి కళ్ళంలోకి వచ్చిన సందర్భాలు మీరూ చూసే ఉంటారు. కానీ ఒక తేడా ఉంది. జీపులో ఇంజనుని చల్లబరిచేది మనం రేడియేటర్లో పోసిన బావినీళ్ళు. పడవలో రేడియేటరు ఉండదు. అడుగున గొట్టం పెట్టి ఏటినీళ్ళే లోపలికి లాగి, వేడెక్కాక బయటికి వదిలేస్తారు. ఎండాకాలంలో గోదావరి సన్నబడితే సముద్రపు పోటు ఎదురెక్కి నీళ్ళు ఉప్పగా అయిపోతాయి, ఆ ఉప్పు ఇనుముని లోపల్నించి తినేస్తుంది, పైకి ఏమీ కనబడదు. అందుకని ఇంజను విప్పి ఇస్తూ, ఎగువనున్న తీపినీళ్ళలోనే నడపమనీ, మొగ వైపు, అదే, ఏరు సముద్రంలో కలిసే వైపు, పంపొద్దనీ మరీ మరీ చెప్పేను. సరేలేరా అన్నాడు.

తొలకరికి ముందు ఇంజను ఇంటికొచ్చింది, పైన కొత్తగా ఆకుపచ్చ రంగు వేయించుకుని మరీ. ఉప్పునీళ్ళు తగల్లేదు కదా అని అడిగితే అన్నయ్య నా మొహం చూడకుండా, "తీపినీళ్ళేరా, అనుమానం మనిషివి," అన్నాడు. ఎందుకైనా మంచిది, తెరిచి చూద్దామన్నాను. వానలు ముంచుకొస్తున్నాయి, వదినకి నెలలు నిండుతున్నాయి, బండి సిద్ధంగా ఉండాలి, తెరవడాలూ మూయడాలూ వద్దన్నాడు. ఇంటికి పెద్దవాడు అన్నాక అన్నదే మాట.

సరుగుడు దుంగలు మూడింటిని తలలు కలిపి నిలబెట్టి, గొలుసు కప్పీ వేలాడదీసి ఇంజను లేపేం. ఇంజను వెనకాల క్లచ్ ప్లేటు, దాని వెనక గేరుబాక్సు, అక్కణ్ణించి ముందు చక్రాలకొక షాఫ్టు, వెనక చక్రాలకొక షాఫ్టు. ఒకదాని నడుముకి ఇంకొకదాని నడుము తిన్నగా లేకపోతే ఏదీ లోపలికి పోదు. తొందరగాళ్ళు బోల్టులతో లాగి బిగించేస్తారు, అక్కడే చెడుతుంది. నేను ప్లేటుని నట్టనడుమకి తేవడానికి తాటిచేవతో ఓ కర్ర చెక్కించుకున్నాను, దాంతో సరిచూసుకుని గేరుబాక్సుని తోస్తే పెరుగులో గరిట దిగినట్టు దిగింది. స్టార్టు చేస్తే వెంటనే అందుకుంది. నా బిగింపులో తప్పే ఉంటే ఆ పూటే తెలిసేది, గేర్లు కరకరలాడేవి, షాఫ్టు కొట్టుకునేది. వదిన అరుగు మీంచి పిల్లాణ్ణి చంకనేసుకుని చూస్తూ, "నేను కనేదాకా దీన్ని మళ్ళీ విప్పకండి బాబూ," అంది. ఆ పిల్లాడే ఇప్పుడు నన్ను గుమ్మంలో ఆపినవాడు.

ముసురు పట్టిన మధ్యాహ్నం వదినకి నొప్పులొచ్చేయి. మంత్రసాని బిడ్డ అడ్డం తిరిగిందని, తన వల్ల కాదని, అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళిపొమ్మని చెప్పింది. అన్నయ్య నడుపుతున్నాడు, మా అమ్మ వదిన తలని ఒళ్ళో పెట్టుకుంది, నేను వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. రేవు ఇంకా కనబడకముందే బానెట్టు కిందనించి తెల్లగా ఆవిరి లేచి, ఇంజను పట్టేసి ఆగిపోయింది. నూనె కొలిచే కడ్డీ తీసి చూస్తే నూనెకి బదులు టీ రంగు నీళ్ళు. ఎక్కడో లోపల గోడ చిల్లుపడి నూనెలోకి నీళ్ళు దిగేయి. క్లచ్చూ గేర్లూ షాఫ్టులూ, నేను బిగించినవన్నీ, ఎక్కడివక్కడ లక్షణంగా ఉన్నాయి. ఎవరింట్లోంచో తెచ్చిన నులకమంచం మీద వదినని పడుకోబెట్టి, ఆ బురదలో జారుతూ లేస్తూ మోసుకెళ్ళేం. రేవు చేరేసరికి వదిన మూలగడం కూడా మానేసింది. పంటు ఒడ్డునే ఉంది. పంటు మనిషి మంచంలోకి ఓసారి చూసి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. బిడ్డా దక్కలేదు.

పెద్దకర్మ నాడు వదిన పుట్టింటివాళ్ళు, ఎలా జరిగిందండీ, అని అడిగితే, అన్నయ్య తల వంచుకుని, "ఇంజను తమ్ముడే ఎక్కించేడు," అన్నాడు. అంతే. అందులో అబద్ధమేముంది? మిగతాదంతా వాళ్ళే అల్లుకున్నారు. ఇంజను తెరిస్తే తెలుస్తుంది, తెరవనివ్వు అన్నయ్యా అని నేను బతిమాలిన కొద్దీ, తెరిస్తే మనిషి తిరిగొస్తుందా అని, దాన్ని దింపించి టార్పాలిను కప్పించి షెడ్డుకి తాళం వేయించేడు. పాత ఇనుము కొనేవాళ్ళొచ్చి అడిగినా అమ్మలేదు. పాపం, దుఃఖం అనుకున్నారందరూ. సిగ్గులేకుండా చెబుతున్నాను, నేనూ అలాగే అనుకున్నాను. నా దగ్గరకి బళ్ళు రావడం మానేశాయి. ఓ పెద్దమనిషి నవ్వుతూనే మొహం మీద, "ఆ చేత్తో వద్దులెండి," అన్నాడు. స్పానర్లన్నీ తెగనమ్మి, అంబాజీపేటలో ఓ కొబ్బరి కొట్లో కాయలు ఏరే పనిలో కుదిరి, కాయ ఒలిచిన డొక్కల దుమ్ములోనే ముసలివాణ్ణయ్యేను.

ఇన్నేళ్ళకి అన్నయ్య కొడుక్కి పాత జీపుని బాగుచేయించుకోవాలని మోజు పుట్టింది. వేరే బండి ఇంజను తెప్పించి, పట్టేసిన పాతదాన్ని షెడ్డు వెనక డొక్కల కుప్ప పక్కన పారేయించేడు. అరుగు మీద కూర్చోమన్నారు గానీ, లోపల గొలుసు కప్పీ చప్పుడు వినబడుతుంటే ఎంతసేపని కూర్చుంటాను? లేచి వెనక్కి వెళ్ళేను. పాత ఇంజను పక్క మూత ఊడి ఉంది. నీళ్ళు తిరిగే అరలో వేలు పెడితే ఇనుము అట్టలు అట్టలుగా రాలింది, ఓ పుల్ల పెట్టి పొడిస్తే గోడ దాటి అవతలికి దిగింది. ఆ తుప్పులో కరుచుకుని చిన్న చిన్న గుల్లలు, మొగ దగ్గర లంగరేసిన పడవల అడుగున పడతాయే, అవే. తీపినీళ్ళలో అవి పుట్టవు.

ఓ గుప్పెడు గీకి కండువాలో పోసుకుని వెళ్ళి, వసారాలో వాలుకుర్చీలో ఉన్న అన్నయ్య ఒళ్ళో పెట్టేను. ఆయనకిప్పుడు చూపు మందం. వేళ్ళతో తడిమి, ఒకటి రెండు నలిపి చూసుకుని, ఇవేమిటని అడగలేదు. నేనే అడిగేను, తెలిసీ నా మీద ఎందుకు పెట్టేవని. అంతలో షెడ్డులో కొత్త ఇంజను అందుకుంది, అబ్బాయి హారను కొట్టుకుంటూ కేకలు వేస్తున్నాడు. ఆ జీపుని వాడు పెళ్ళిళ్ళకీ ఫొటోలకీ తిప్పుకుంటాడు కాబోలు; ఇప్పుడు ఎవరి ప్రాణమూ దాని మీద ఆధారపడి లేదు. గట్టు మీద తారు రోడ్డు పడింది, ఏటి మీద వంతెన పడింది, ఫోను చేస్తే ఆస్పత్రి బండి గుమ్మంలోకే వస్తుంది, పంటు కట్టిన రేవులో మెట్ల మీద గడ్డి మొలిచింది. ఇన్ని మారినా ఆ ఇంట్లో నాకున్న పేరు మాత్రం మారలేదే అనుకుంటూ నిలబడి ఉంటే, అన్నయ్య గుల్లల్ని నా కండువాలోకే మళ్ళీ జాగ్రత్తగా ఎత్తి, షెడ్డు వైపు ఓసారి చెవి పెట్టి విని, గొంతు తగ్గించి అన్నాడు:

"పడవని మొగకి పంపింది నేనేరా. నిజం చెబితే, అమ్మని నాన్నే చంపేడనుకుంటూ పెరుగుతాడు పిల్లాడు. నీ మీదైతే కోపంతో పోతుందనుకున్నాను. ఇన్నాళ్ళూ మోశావు, నేను పోయేదాకా మొయ్యి. ఆ తర్వాత వాడికి నువ్వే చెబుదువు గాని."