ఎంపీ సీట్లో రష్యా ఆయన

మా బావకి రొయ్యల వ్యాపారం. ఆయన సరుకు కొనే వాసిలీ గారు రష్యా నుంచి బందరు వచ్చి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూస్తానన్నారట, అదీ బస్సులోనే. "కుర్రతనంలో రష్యన్ నేర్చుకున్నావుగా బావా, ఇన్నాళ్లకి పనికొచ్చింది" అని ఆ పెద్దమనిషిని నా నెత్తిన పెట్టాడు.

సోమవారం ఉదయం ఆరూ నలభైకి అవనిగడ్డ బస్సెక్కాం. సీట్లన్నీ నిండిపోయాయి. ముందు వరస పైన 'ఎమ్మెల్యే, ఎంపీలకు' అని రాసుంది. అక్కడొక ముసలాయన సంచీ పక్కన పెట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. నా నోరు ఊరుకుంటేగా! "ఈయన రష్యాలో ఎంపీ అండీ" అన్నాను కండక్టరుతో. 'మాజీ' అన్న ముక్క మింగేశాను.

"జరగండి తాతగారూ, ఎంపీ గారు నిలబడ్డారు" అన్నాడు కండక్టరు.

"ఇరవై ఏళ్లుగా ఇక్కడే కూర్చుంటున్నా. ఇన్నాళ్లకి ఒకడెక్కాడు, కూర్చోమను" అంటూ ఆయన సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు.

దారి పొడుగునా వాసిలీ గారు తన కథ చెప్పారు. ఓల్గా ఒడ్డున చిన్న ఊరు. తల్లి ఎండుచేపలు అమ్మేది. ఈయన రబ్బరు బూట్ల కొట్టు పెట్టి, ఆపైన కోల్డ్ స్టోరేజీలు, ఓడలు కొని, పార్లమెంటుకి రెండుసార్లు గెలిచి మూడోసారి ఓడిపోయారు. "నాకూ జనానికీ మధ్య పదకొండుమంది సెక్రటరీలు. ఒక్కడూ నా దగ్గరికి రాలేకపోయాడు" అన్నారు. నాలుగు ఓడలా, నాలుగు పెళ్లిళ్లా అన్నది మాత్రం నా రష్యన్‌కి అందలేదు.

ఎనిమిదింపావుకి అవనిగడ్డలో ఇడ్లీ. అల్లప్పచ్చడికి ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అయినా మళ్లీ వేయించుకున్నారు. కోడూరు దాకా ఇంకో బస్సు, అక్కణ్ణుంచి ఆటో. పదింటికి పాలకాయతిప్పలో దిగేసరికి దండ, శాలువా సిద్ధం! మన కండక్టరు ఆ ఊళ్లో ఉన్న తన మేనమామకి ఫోన్ చేసేశాడు.

ఎండుచేపలమ్మే నాంచారమ్మ ముందుకొచ్చి వాసిలీ గారి చేతిలో కాగితం పెట్టింది. "రేవులో లైటు లేదు బాబూ. తెల్లారగట్ల చీకట్లో మా ఆయన రాటకి కొట్టుకుని కాలిరగ్గొట్టుకున్నాడు. ఎవరి ప్రాణమన్నా పోకముందే ఏయించండి."

"అమ్మా, ఈయన మన ఎంపీ కాదు" అన్నాను.

"ఏ దేశపాయనైతే ఏంటి బాబూ? వచ్చినాయనకేగా ఇచ్చుకుంటాం!"

నా నోటిదూల ఎంత పని చేసింది! సిగ్గుతో చచ్చిపోయాను. జరిగిందంతా వాసిలీ గారికి చెప్పేశాను. ఆయన కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశారు. "నా చేతికి నేరుగా వచ్చిన మొదటి అర్జీ ఇది" అని జేబులో పెట్టుకున్నారు. అంత దూరం నుంచి చూడ్డానికొచ్చిన సంగమాన్ని రెండు నిమిషాలు చూసి, "ఆఫీసెక్కడ?" అన్నారు.

కోడూరు మండలాఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. మెడలో దండ, భుజాన శాలువాతో ఆయన రేషన్ కార్డుల వాళ్ల వెనకాల గంటన్నర నిలబడ్డారు. గుమాస్తా తలెత్తకుండా "ఆధార్" అన్నాడు. ఈయన పాస్‌పోర్టు ఇచ్చారు. అప్పుడు తలెత్తాడు! చివరికి నా ఆధార్ నంబరు వేసి రసీదిచ్చాడు. దాన్ని ఫోటో తీసుకుని, అసలుది ఆటోవాడి చేత నాంచారమ్మకి పంపించాం.

బస్సులు మారి సాయంత్రం ఐదింటికి గుడివాడ స్టేషను చేరాం. ఆయన బెజవాడ రైలెక్కుతూ అడిగారు, "లైటెప్పుడు వెలుగుతుంది?"

"పదిహేను రోజులన్నారు."

బొజ్జ కదిలేలా నవ్వారు. "నేనూ అందరికీ పదిహేను రోజులనే చెప్పేవాణ్ణి." నవ్వు ఆగింది. రైలు కదులుతుంటే తలుపు దగ్గర నిలబడి అరిచారు, "పదహారో రోజున నీకు ఫోన్ చేస్తాను!"

మీరు పాలకాయతిప్ప వెళ్తే పొద్దున్నే వెళ్లండి, సంగమం బావుంటుందట. నేను సరిగా చూడనేలేదు. బస్సులో మాత్రం నోరు అదుపులో పెట్టుకోండి.

బందరు రైల్లో ఎదుటి సీటాయన పలకరించాడు. "ఏం పని మీద వెళ్లొస్తున్నారండీ?"

"మా రేవులో లైటు పని మీదండీ" అన్నాను.