సావుకారి కారుకు బండిబిళ్ళలు

ఆదోని తాలూకా బళ్ళారిని వదిలి కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటి ఏడు, పత్తి వ్యాపారి కేశవులు శెట్టి కారు గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. రెండింటికీ సంబంధం ఉందనేవాళ్ళు బజారులో ఉన్నారు గానీ, జిన్నింగు మిల్లు ఫిట్టరు బసన్న ఒప్పుకోలేదు. యంత్రాలకు జిల్లాలు తెలియవని ఆయన నమ్మకం.

అది అందరి కారులాంటిది కాదు. రెండే సీట్లు, గుడ్డ టాపు, నేలను రాసుకుపోయే ఒళ్ళు. పందేలకు చేసిన బండి అని చెప్పి, ఓడెక్కబోతున్న దొర ఒకడు బళ్ళారిలో శెట్టికి అంటగట్టిపోయాడు. అందులోకి శెట్టి తనంతట తానే దిగబడేవాడు. బయటికి తీయడానికి మాత్రం ఇద్దరు హమాలీలు కావలసివచ్చేది. కదిలేటప్పుడు కారు అడుగున టక్కుమని కొట్టేది. ఊపందుకుంటే కందెన లేని ఇరుసులా కీచుమని మొదలుపెట్టి, శెట్టి దిగేదాకా ఆపేది కాదు.

గేరుబాక్సు పోయిందని బళ్ళారి మెకానిక్కు చెప్పాడు. బసన్న మాత్రం కారు కింద దూరి, వేపకర్ర ఒక కొన చెవికి ఆనించుకుని, రెండో కొన ఇనుముకు ఆనించి, మనిషి చేత వెనక చక్రం తిప్పించాడు. మిల్లులో పద్నాలుగేళ్ళుగా ఆయన రోగం కనిపెట్టే పద్ధతి అదే.

"గేరుబాక్సు గుండ్రాయి మాదిరి ఉండాది సామీ. ఇంజను బలం ఎనక సక్రాలకు మోసే కడ్డీ ఉండాది సూడు, దాని రెండు కొనల్లో సూది బేరింగులు అరిగిపోయినాయి."

"చప్పుడు పోతాదా?" అన్నాడు శెట్టి.

"పోకుంటే నా పేరు బసన్నే కాదు."

శెట్టికి హుషారొచ్చింది. "అయితే ఇను. నా కారు చప్పుడు పోగొట్టు. ఎమ్మిగనూరు రోడ్డు మీద నా పాత గోడౌను ఊరికే పడి ఉంది. ఆడ షెడ్డు పెట్టుకో. నలుగురిలో చెప్తాండా."

బసన్నకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మిల్లు ఈల ఊదితే పోయి, ఊదితే వచ్చే బతుకు ఆయనది. సొంత షెడ్డంటే తన పనికి తానే ఈల ఊదుకోవచ్చు. అంతకన్నా పెద్ద ఆశ ఆయన ఎన్నడూ పడలేదు.

కొత్త బేరింగులు మద్రాసు నుంచి రైలు పార్సిలులో నెల తర్వాత దిగాయి. ఒక ఆదివారం మిల్లు వెనక పత్తిబేళ్ళ మీద కారును నిలబెట్టి, కడ్డీ విప్పాడు. అటు కొన నాలుగు బేరింగు కప్పులు, ఇటు కొన నాలుగు. కొట్టి ఊడదీస్తే పాత వాటిలోంచి ఎర్రటి తుప్పుపొడి రాలింది. ఆ పొడిని అరచేతిలో పోసుకుని బసన్న చాలాసేపు చూసుకున్నాడు. ఆయన చెవి చెప్పింది నిజమే.

కొత్త కప్పు ఒక్కొక్కదానిలో ఇరవై రెండు సూదులు. గ్రీజు పూసి, ఒకటి పక్కన ఒకటి నిలబెట్టాలి. ఒక్కటి పడుకున్నా కప్పు కూర్చోదు. బసన్న వేళ్ళు బోల్టులకు పుట్టినవి. పదో సూది పెట్టేసరికి మూడోది పడిపోయేది. ఉగ్గాని తెచ్చిన భార్య హులిగెమ్మ కాసేపు నిలబడి చూసింది.

"లెయ్యి ఈడనుంచి. బియ్యంలో రాళ్ళు ఏరే పని మొగోళ్ళకు చెప్పిందెవరు?"

సాయంత్రానికి అన్నీ ఆమే పేర్చింది. చివరి కప్పులో ఒకటి తక్కువైంది. బసన్న నేలంతా వెతికాడు, బేళ్ళ కింద వెతికాడు, ఉగ్గాని తిన్న ఆకు తిరగేశాడు. చివరికి ఆమె కొంగుకు అంటిన గ్రీజులో దొరికింది.

"దొంగముండా," అన్నాడు ముచ్చటగా.

"నేనా, సూదా?"

మర్నాడు కారు కదిలింది. టక్కు లేదు, కీచు లేదు. జారుడుబండ మీద జారినట్టు వీధి మలుపు తిరిగిపోయింది. బసన్న పెళ్ళినాడు కూడా అంతగా నవ్వలేదని హులిగెమ్మ ఇరుగుపొరుగుకు చెప్పింది.

మూడో రోజు శెట్టి వచ్చాడు. మొహం కమిలిన మిరపకాయలా ఉంది.

"పాత బేరింగులు యాడ పెట్టినావు?"

"ఎందుకు సామీ?"

"మళ్ళీ ఎయ్యి."

బసన్నకు అర్థం కాలేదు. కాస్త నెమ్మదించాక శెట్టే చెప్పుకొచ్చాడు. ఎమ్మిగనూరు రోడ్డు మీద పత్తిబండ్లు వరసగా పోతున్నాయి. ఇదివరకు అరమైలు దూరాన కీచు వినపడితే చాలు, నిద్రపోయే బండివాడు సైతం లేచి ఎద్దులను పక్కకు తోలేవాడు. ఇప్పుడు ఎవడూ లేవలేదు. కోడుమూరు పోయే బండ్ల వెనక రెండు గంటలు దుమ్ము తిన్నాడు.

"హారను కొట్టాల్సింది సామీ."

"హారను బస్సోళ్ళు కొడతారు. దావ అడుక్కునే ఖర్మ నాకేమి?"

అంతటితో పోలేదు. ఎమ్మిగనూరులో తన అంగడి ముందు కారు దిగితే పలకరించే దిక్కు లేదు. లోపల గుమాస్తా హనుమంతరాయుడు దిండు ఒకటి చొక్కాలో దూర్చుకుని, ఇద్దరు హమాలీల చేత లేని కారులోంచి తనను లాగించుకుంటున్నాడు. "మెల్లగా రా... పెద్దమనిషిని రా..." అంటున్నాడు అచ్చం శెట్టి గొంతుతో. జనం పడీపడీ నవ్వుతున్నారు. ఇన్నాళ్ళూ కీచు వినగానే పేకముక్కలు దాచి, దిండు సర్ది, చేతులు కట్టుకుని నిలబడిన జనమే.

"చప్పుడు పోగొట్టమంటి, పోగొట్టినావు. దాంతోపాటు నా మర్యాదా పోయింది. పాతవి ఎయ్యి, గోడౌను బీగం తీసుకో."

బసన్న చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"అరిగిపోయినవి సామీ. పగిల్తే కడ్డీ రోడ్డు మీద పడతాది, కారు పల్టీ కొడతాది. ఎయ్యను."

"గోడౌను అక్కర్లేదా?"

"కావాల. అయినా ఎయ్యను."

శెట్టి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిన సంగతి కూడా ఎవరికీ వినపడలేదు.

హులిగెమ్మ అంతా విని, రొట్టె తట్టుతూ అంది: "మా నాయన బండికి ఇనుప బిళ్ళలు ఎందుకు కట్టినాడు? ఇరుసు చెడిపోయిందనా?"

ఆమె పుట్టిల్లు ఆస్పరి దగ్గర. ఆ పక్క రైతులు ఇరుసు పక్కన రేకు బిళ్ళలు గుచ్చుతారు. బండి కదిలితే అవి ఒకదాన్నొకటి కొట్టుకుని గలగలమంటాయి. ఎదురొచ్చేవాడు తప్పుకుంటాడు, బండి ఫలానావాళ్ళదని ఊరు గుర్తుపడుతుంది. బండికి రోగమొచ్చిందని ఎవరూ అనుకోరు.

బసన్న తిండి వదిలేసి లేచాడు. మర్నాడు శెట్టి దగ్గరికి పోయి, కారు వెనక అడుగున ఒక కమ్మీ బిగించి, పన్నెండు బిళ్ళలు గుచ్చి ఇచ్చాడు. గుంతల రోడ్డు మీద ఆ కారు ఉరుకుంద తిరునాళ్ళకు పోయే బండ్లన్నీ కలిసినంత మోత మోగింది. ఎద్దులు తప్పుకున్నాయి. దిండు దిండు చోట, హనుమంతరాయుడు తన చోట ఉన్నారు. శెట్టి బీగంచెవి పంపించాడు.

షెడ్డు తెరిచిన వారంలోనే ఇద్దరు లారీవాళ్ళు వచ్చారు. "బసన్నా, సావుకారి కారుకు ఏసినావంటనే, ఆ బిళ్ళలు మాకూ ఏస్తావా?" బేరింగుల మాట ఎవరూ ఎత్తలేదు. ఎమ్మిగనూరు దాకా ఆయనకు బిళ్ళల బసన్న అని పేరు స్థిరపడింది. చెవి పెట్టి రోగం కనిపెట్టినవాడికి, చప్పుడు చేసి పేరు వచ్చింది. ఆయన కాదనలేదు, షెడ్డు ఆ పేరు మీదే నడిచింది.

మూడేళ్ళకు హులిగెమ్మ జ్వరంతో పోయింది. కర్మాంతరం అయిన మర్నాడే బసన్న షెడ్డు తెరిచాడు. పొద్దున శెట్టి కారు రోడ్డు మీద మోగుతూ వచ్చింది. షెడ్డు గుమ్మంలో పాతిన బండరాయి మీద కూర్చుని, బసన్న కళ్ళు మూసుకున్నాడు. బిళ్ళల గలగలను ఒక పక్కకు నెట్టి, దాని అడుగున వెతికాడు.

"ఏం వింటాండావన్నా?" అన్నాడు పక్క సైకిలు షాపు ఎల్లప్ప.

హులిగెమ్మ పేర్చిన నూట డెబ్బై ఆరు సూదులు. ఒక్కటీ చోటు కదల్లేదు.

"ఏమీ ఇనపళ్ళేదప్పా," అన్నాడు బసన్న, కారు మలుపు తిరిగేదాకా కళ్ళు తెరవకుండానే.