స్వరూప నిద్రలో అన్న మాట

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా కబుర్లు మొదలుపెడితే, పని ఉందని లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. మా ఆయన పోయాక కూడా అంతే. పదోరోజు కాకి పిండం ముట్టలేదని అందరూ కంగారు పడుతుంటే, ఇంత ఎండలో కాకులెక్కడుంటాయని అన్నదాన్ని. మా ఆడపడుచు ఆ మాటకు ఇప్పటికీ నన్ను క్షమించలేదు.

బొబ్బిలి దగ్గర వినికిడి లేని పిల్లల బడిలో టీచర్ని. పిల్లల చేతిని నా గొంతు మీద పెట్టుకుని, ఆ అదురు వాళ్ళ వేళ్ళకు తెలిసేలా చేసి, 'ప', 'బ', 'మ' పలికించడం నా పని. ఇంట్లో కూడా అద్దం ముందు నిలబడి అవే అక్షరాలు పలుకుతూ ఉండేదాన్ని. అది చూసి మా ఆయన నాకు 'గోరింక' అని పేరు పెట్టారు. నలుగురిలో లలితా అనే పిలిచేవారు. తలుపు వేశాకే గోరింక. మాకు పిల్లలు లేరు. ఆ పేరు మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆయన జనపనార మిల్లులో షిఫ్టుల మీద పనిచేసేవారు. మూడేళ్ళ కిందట డ్యూటీలో ఉండగానే గుండె ఆగిపోయింది.

ఫోటోలు ఉన్నాయి. చొక్కాలు ఉన్నాయి. గొంతు మాత్రం లేదు. ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టే అలవాటు ఆయనకు లేదు. పెళ్ళి క్యాసెట్ నిండా బ్యాండు మోతే. ఏడాది తిరిగేసరికి ఆయన మాటలు గుర్తున్నాయి గానీ, ఆ మాటలు ఏ గొంతుతో అనేవారో గుర్తు రావడం మానేసింది. రోజంతా గొంతులతో పనిచేసేదాన్ని, నాకు అన్నిటికంటే కావలసిన గొంతును పోగొట్టుకున్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పినా అదొక బాధలా ఎవరికీ అనిపించదు.

పోయిన ఏడాది మాలాంటి బడుల టీచర్లందరికీ సికింద్రాబాద్‌లో సదస్సు పెట్టారు. నన్ను కూడా మాట్లాడమన్నారు. రిజిస్ట్రేషన్ వరకు మా బడి కడుతుంది. రానుపోను ఖర్చు, బస మనవే. స్టేషన్ చుట్టుపక్కల హోటళ్ళ రేట్లు చూసి, మానేద్దామనే అనుకున్నాను. అప్పుడు సదస్సు వాట్సాప్ గ్రూపులో కరీంనగర్ టీచర్ స్వరూప నాకు విడిగా ఫోన్ చేసింది.

"అక్కా, హోటల్ ఎందుకు, ఉత్తగ దండగ. మా మేనత్త పద్మారావు నగర్ల ఉంటది. మేడ మీది రూము ఖాళీగనే ఉన్నది. జెర చిన్నదే గాని ఇద్దరికి సరిపోతది. అత్త పైసలు సుత తీసుకోదు."

అంతకుముందు ఆమెతో నాకు పరిచయం లేదు. ఆమె నాకంటే చిన్నది, ఒక కొడుకు. ఆ ఫోన్లో తెలిసింది అంతే. నేను ఒక్కదాన్నే ఉంటానని చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు. ఇది తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాను, అందుకే రాస్తున్నాను.

రాత్రి రైలెక్కితే ఒక పూట బస కలిసొస్తుందని కూర్చునే వచ్చాను. పులిహోర, చపాతీలు డబ్బాల్లో సర్దుకున్నాను. పొద్దున్నే స్వరూప స్టేషన్ బయట నిలబడి ఉంది. తనూ అప్పుడే బస్సు దిగిందట. ఆటోవాళ్ళు చెప్పిన రేటు విని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. బోయిగూడ మీదుగా నడిచే వెళ్ళాం.

మేనత్త పేరు యాదమ్మ. డెబ్బై దాటి ఉంటాయి. చెవులు నిక్షేపంగా పనిచేస్తాయి. ఇది కూడా కావాలనే రాస్తున్నాను. కింద గదిలో ఉండి, మేడ మీద మేం చెప్పుకునే మాటలకు జవాబిచ్చేది.

మొదటిరోజు సదస్సు మధ్యాహ్నానికే ముగిసింది. గదికి వచ్చి నా డబ్బాల్లోది తిన్నాం. బస్సులో నిద్రలేదని స్వరూప మంచం మీద పడుకుంది. నేను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మర్నాడు మాట్లాడాల్సింది చదువుకుంటున్నాను. బయట ఎండ. కింద సందులో కూరగాయల బండివాడి కేక. భయపడడానికి ఏ కారణమూ లేని మధ్యాహ్నం.

"ఒలే గోరింకా."

తల ఎత్తాను. స్వరూప గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"తినీసినావేటే? నాకోసం కూకోకు."

గొంతు స్వరూపదే. మాట మాత్రం కరీంనగర్‌ది కాదు. మా వైపు మాట. మా వైపు మాటే కాదు, మా ఇంట్లో మాట. ఆయన రెండో షిఫ్టుకు వెళ్తూ చెప్పులు వేసుకునేటప్పుడు రోజూ అనే మాట. 'కూకోకు' అనే దగ్గర కొంచెం సాగదీసి, చివర తేల్చేసేవారు. అచ్చం అలాగే.

నేను ఏం చేయాలి? లేపాలి, లేదా దగ్గరికి వెళ్ళి చూడాలి. నేను అవేవీ చేయలేదు. నా నోటి నుంచి జవాబు వచ్చేసింది.

"తినీసినానండీ."

"ఊఁ" అంది స్వరూప. నమ్మనట్టుగా. నేను తినకుండా తిన్నానని చెప్పినప్పుడల్లా ఆయన అలాగే అనేవారు.

తర్వాత ఇంకేమీ లేదు. మామూలు ఊపిరి. నేను కుర్చీలోంచి కదల్లేదు. భయం వేసిందా అంటే, లేదు. కదిలితే పోతుందేమోనని భయం వేసింది, అంతే.

కాసేపటికి యాదమ్మత్త టీ గ్లాసులు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలో ఆగి గది నాలుగు మూలలా చూసింది.

"ఏడి బిడ్డా, మీ ఆయన? ఎల్లిపోయిండా? చాయ్ తెస్తి గద."

"ఎవరత్తా?"

"అదే, ఇప్పుడు మాట్లాడిండు గద మొగాయన. తిన్నవా అని అడిగిండు. మీదికి ఎప్పుడొచ్చిండో నేను చూడనే లేదు."

నేను విన్నది స్వరూప గొంతు. ఆవిడ కింద విన్నది మగవాడి గొంతు.

ఆ క్షణం నాకు ఏమనిపించిందో చెబితే ఎవరూ నమ్మరు. ఈర్ష్య వేసింది. ఆయన్ని ఎన్నడూ ఎరగని ఒక ముసలావిడ మెట్ల కింద నిలబడి ఆయన గొంతు వింది. అదే గదిలో ఉన్న నేను వినలేదు.

మాటల చప్పుడుకు స్వరూప లేచింది. "ఏందక్కా, గట్ల చూస్తున్నరు? నేనేమన్న గొణిగిన్నా?"

"నువ్వెప్పుడైనా మా బొబ్బిలి వైపు వచ్చావా?"

"నేను బెజవాడ సుత చూడలే అక్కా."

నేను నవ్వేసి ఊరుకున్నాను. టీ తాగాక కిందికి దిగి, వంటింట్లో యాదమ్మత్త పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఆ గొంతు ఎలా ఉందని అడిగాను.

"ఎట్లుంటది బిడ్డా? మనిషి గొంతు లెక్కనే. జెర బొంగురు. దుమ్ముల పనిచేసెటోల్లకు ఉంటది సూడు, గట్ల. గాని మెత్తగ మాట్లాడిండు. నువ్వంటే మస్తు పానం అనుకున్న."

జనపనార దుమ్ము వల్ల ఆయన గొంతు బొంగురుపోయింది. ఆ సంగతి నేను మర్చిపోయాను. ఆవిడ చెప్పాక బొంగురు అన్న మాట గుర్తొచ్చింది. గొంతు మాత్రం రాలేదు.

ఆ రాత్రి స్వరూప హాయిగా, నిశ్శబ్దంగా నిద్రపోయింది. నేను పోలేదు.

మర్నాడు నా ప్రసంగం మధ్యాహ్నం ఉంది. నిర్వాహకుల్ని బతిమాలి పొద్దుటికి మార్చుకున్నాను. ఏం మాట్లాడానో నాకు తెలియదు. చప్పట్లయితే కొట్టారు. భోజనం కాగానే స్వరూపతో, తలనొప్పిగా ఉంది, గదికి వెళ్దామన్నాను. పాపం, తను వినాలనుకున్న క్లాసు వదులుకుని నాతో వచ్చింది. పడుకోమన్నాను. మళ్ళీ మళ్ళీ అన్నాను.

"అక్కా, అసలేమైంది? నిన్నటి సంది మీరు నన్ను వేరే తీరు చూస్తున్నరు."

ఇక చెప్పేశాను. గోరింక పేరుతో సహా. ఆయన పోయాక ఆ పేరు పైకి అనడం అదే మొదలు.

స్వరూప మొహం పాలిపోయింది. మంచం మీద నుంచి లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళినా తప్పు లేదు. కొంతసేపు అక్కడే నిలబడి, తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది.

"నాకు భయమైతుందక్కా. ఒట్టు, మస్తు భయమైతుంది. గాని నీకు ఇంకోసారి వినాలనుంది గదా?"

అవునన్నాను.

నా చేయి పట్టుకుని, గట్టిగా కళ్ళు మూసుకుని పడుకుంది. ఫ్యాన్ తిరుగుతోంది. ఎంత సేపైనా ఆమెకు నిద్ర పట్టలేదు. చేతి బిగువులో తెలుస్తూనే ఉంది. చివరికి, కళ్ళు తెరవకుండానే, మెల్లగా అంది.

"ఓ గోరింకా... తిన్నవా?"

కరీంనగర్ యాస. తన సొంత మాట.

"తిన్నాను" అన్నాను.

కళ్ళు తెరిచింది. కణతల మీదుగా నీళ్ళు కారి దిండు తడిసింది. "నాకు చేతనైతలేదక్కా" అంది. ఇద్దరం ఏడ్చాం. ఏడుస్తూ ఏడుస్తూ ఎందుకో నవ్వాం కూడా. సాయంత్రం రెజిమెంటల్ బజార్ దాకా నడిచి వెళ్ళి తన కొడుక్కి ఒక చొక్కా కొన్నాం. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక దీని గురించి నాకు తోచినంతా ఆలోచించాను. నేను నిద్రలో కలవరించిన మాటలు స్వరూప చెవిన పడి ఉంటాయా? అప్పటికి మేం ఒకే గదిలో ఒక్క రాత్రి కూడా గడపలేదు. అంతా నా భ్రమా? అయితే యాదమ్మత్త విన్నదేమిటి? సందులో వేరే మగవాడెవరైనా మాట్లాడాడా? ఉండొచ్చు. కానీ తిన్నావా అనే మాటే, అప్పుడే, ఎలా? మా బడికి వచ్చే డాక్టరుగారిని అడిగితే దుఃఖంలో ఇలాంటివి మామూలేనన్నారు. దుఃఖం నాది. విన్నది యాదమ్మత్త కూడా.

ఆ తర్వాత అప్పుడప్పుడు యాదమ్మత్తకు ఫోన్ చేస్తూ వచ్చాను. ఆరోగ్యం, మోకాళ్ళ నొప్పులు అయ్యాక, ఆ గొంతు ఎలా ఉందో మళ్ళీ చెప్పమనేదాన్ని. ఆవిడ ఏ రోజూ విసుక్కోలేదు. బొంగురుగా, మెత్తగా, చివరి మాట జెర సాగదీసినట్టు అని చెప్పేది. నేను కళ్ళు మూసుకుని వినేదాన్ని.

మొన్న చేశాను. ఎప్పటిలాగే ఆ గొంతు గురించి అడిగాను.

"మస్తు దినాలైంది బిడ్డా. మాట యాదికున్నది గాని, గొంతు యాదికొస్తలేదు."

పర్వాలేదత్తా అన్నాను. అయినా ఫోన్ పెట్టేయలేకపోయాను. ఆవిడ కూడా పెట్టలేదు.