ఒప్పుకున్నవాడు

తిరుమల్ వ్యాన్ హారన్ వినపడిందంటే చాలు, సీతాఫల్‌మండిలో తల్లులు ఆఖరి ముద్ద పిల్లల నోట్లో కుక్కి మెట్లు దింపేవారు. ఏళ్ల తరబడి బడి పిల్లల్ని తిప్పుతున్నా ఒక్క పిల్ల మోచేతికైనా గీత పడనివ్వలేదు. అందుకే ఈ ఏడాది డ్రైవర్లందరూ పోలీసు వెరిఫికేషన్ తేవాలని స్కూలువాళ్లు అంటే, అదో పనా అనుకుంటూ దరఖాస్తు పెట్టి మరిచిపోయాడు. జవాబు మాత్రం అతన్ని మరిచిపోలేదు. అతని పేరు మీద క్రిమినల్ కేసు ఉంది, నేరం రుజువై శిక్ష కూడా పడింది, అని వచ్చింది.

స్కూల్లో బండ్ల వ్యవహారం చూసే ఆయన మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి మరీ చెప్పాడు.

"కేసు సంగతి తేలేదాకా బండి తియ్యకు తిరుమల్. పేరెంట్స్‌కు తెలిస్తే ఊరుకోరు. నీ తప్పు లేదని కాయితం ఏదన్నా ఉంటే పట్కరా, మేనేజ్‌మెంటుతోని నేను మాట్లాడతా. లేకుంటే వేరే డ్రైవర్‌ను పెట్టుకోక తప్పదు."

తిరుమల్ సరే సార్ అని చాయ్ తాగి వచ్చేశాడు. ఇంట్లో భార్య రాధిక ఏడ్చింది, తిట్టింది, మళ్లీ ఏడ్చింది. అతను కంచం ముందు కూర్చుని కలిపిన అన్నాన్నే కలుపుతూ ఉండిపోయాడు. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప ఎలా మొద్దుబారుతుందో, మనిషంతా అలా అయిపోయాడు.

అది ఏ కేసో తెలియక కాదు. సొంత వ్యాను కొనుక్కోకముందు పద్మారావు నగర్‌లో రామభద్రరావుగారి కారు నడిపేవాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి హార్డ్‌వేరు వ్యాపారంలో నిలదొక్కుకున్న కుటుంబం. ఒక ఆదివారం ఆయన కొడుకు సత్యదేవ్, ఇంకా లైసెన్సు కూడా లేని కళ్లద్దాల కుర్రాడు, ఎవరికీ చెప్పకుండా కారు తీసి ఎవరో ఆడమనిషిని గుద్దేశాడు. పెద్దాయన తిరుమల్‌ను పిలిపించి, కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించారు.

"మావాడి చదువు నాశనమైపోతుందోయ్. ఆవిడకేం ప్రమాదం లేదులే, కాలికి దెబ్బ తగిలిందంతే. నడిపింది నువ్వేనని ఒక్క మాట చెప్పు. ఫైను నేను కట్టేస్తాను, అంతటితో సరి" అన్నారు.

కార్లున్న కొన్ని ఇళ్లలో ఇదొక వాడుక. డ్రైవరన్నాక బండీ అతనే నడపాలి, నేరమూ అతనే మొయ్యాలి. నెల జీతంలో ఆ రెండూ కలిపే ఉంటాయని పైకి ఎవరూ అనరు, అంతే. ఉప్పు తిన్నవాడు తలూపాడు. కోర్టులో జడ్జి, "ఒప్పుకోమని నిన్నెవరైనా బలవంతం చేశారా?" అని అడిగితే అడ్డంగా తలూపాడు. ట్రాఫిక్ చలానా కడితే చలానా పోయినట్టే, ఫైను కడితే కేసు పోతుందనుకున్నాడు మహానుభావుడు.

ఇప్పుడు సత్యదేవ్‌కి ఫోన్ చేశాడు. పెద్దాయన పోయాక దుకాణం ఆ కుర్రాడే చూసుకుంటున్నాడు.

"అదెప్పటి సంగతి తిరుమల్ అన్నా! నేను మర్చిపోయాను కూడా. ఇప్పుడు తవ్వితే ఎవరికి లాభం చెప్పు?" అన్నాడు నవ్వుతూ.

ఏరు దాటినవాడికి తెప్ప గుర్తుండదు. తిరుమల్ అవును బాబూ అని పెట్టేశాడు. నాలుగు తిట్టాల్సిన చోట అవును బాబూ అనడం చూస్తే మనకు ఒళ్లు మండుతుంది గానీ, అతనికి మండడానికి ఒళ్లు ఉంటేగా.

పోలీసు స్టేషన్‌కు వెళితే, శిక్ష పడ్డ కేసు కాయితాలు కోర్టులోనే తీసుకోవాలన్నారు. కోర్టు గేటు బయట దరఖాస్తులు టైపు చేసే హరికిషన్, వెరిఫికేషన్ జవాబులో ఉన్న ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం చూసి, కోర్టుల వెబ్‌సైటులో కొట్టాడు. కేసు నంబరు, తిరుమల్ పేరు, తండ్రి పేరుతో సహా ఫోన్ తెర మీదకు వచ్చేశాయి.

"గిది ఎవరన్నా చూడొచ్చా?" అన్నాడు తిరుమల్.

"ఎవరన్నా చూడొచ్చు. రేపు నీ బిడ్డకు సంబంధం చూసేటోళ్లు సుత చూస్కుంటరు" అన్నాడు హరికిషన్. "తీర్పు నకలు గావాలంటే మాత్రం కోర్టుల దరఖాస్తు పెట్టాలె. బయటోళ్లయితే ఎందుకో కారణం చెప్పి పర్మిషన్ తెచ్చుకోవాలె. నీదే కేసు గాబట్టి నీకు తక్లీఫ్ లేదు."

నేరస్థుడైనందుకు దొరికిన సౌకర్యం అదొక్కటే. దరఖాస్తు రాయించి, స్టాంపులు అంటించి ఇచ్చాడు. పాత ఫైలు రికార్డు రూములోంచి వచ్చాక సర్టిఫైడ్ కాపీ ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది. హరికిషన్ చదివి తెలుగులో చెప్పాడు: నిందితుడు తనంతట తాను నేరం ఒప్పుకున్నాడు, ఎవరి బలవంతమూ లేదు. గాయపడినది బానో, సీతాఫల్‌మండి నివాసి, కుట్టుపని.

"బానోనా?" అన్నాడు తిరుమల్.

అతను రోజూ వ్యాను నిలిపే చోటికి ఎదురుగానే బానో కొట్టు. చీరలకు ఫాల్ వేసి, పికో చేస్తుంది. కుడికాలు ఈడుస్తూ నడుస్తుంది. రాధిక ఎన్నిసార్లు చీర పంపినా "టైం లేదు" అని తిప్పి పంపేది. ఎంత పొగరో అని రాధిక మూతి తిప్పేది. తను ఒప్పుకున్న దెబ్బ ఎవరికి తగిలిందో తిరుమల్ ఇన్నేళ్లలో ఒక్కనాడూ అడగలేదు.

"నేను వకీల్‌ను గాదు" అన్నాడు హరికిషన్. "గని నడిపింది నువ్వు గాదని ఆమె రాసిస్తే, వకీలేమన్నా అప్పీలుకు తొవ్వ చూస్తడేమో. గ్యారంటీ అయితే లేదు."

మర్నాడు మధ్యాహ్నం వెళ్లేసరికి బానో మిషన్ మీద ఉంది. తలెత్తకుండానే "టైం లేదు" అంది.

"చీర గాదక్కా. నీ కాలు సంగతి. నాకు నిన్నటిదాంక ఎరుకలేదు, దేవుని తోడు. అక్కా, ఆ కారు నేను నడపలే."

మిషన్ ఆగింది.

"నాకెరుకే" అంది బానో. "నడిపినోన్ని నేను చూసిన. కళ్లద్దాల పోరడు. దవాఖానల పోలీసులకు సుత గదే చెప్పిన. లేదమ్మా, డ్రైవర్ తిరుమల్ ఒప్పుకున్నడు, దెబ్బ తాకి నీకు సరిగ కనబడలేదన్నరు. మా ఇంటోళ్లు సుత గట్లనే అన్నరు. కొన్నొద్దులు నాకే పిచ్చి లేసిందేమో అనుకున్న. కాలు వాని వల్ల పోయింది. నా మాట నీ వల్ల పోయింది."

సూదిమత్తు అప్పుడు దిగింది. తిరుమల్‌కు సిగ్గేసింది. కొట్టు గడప మీద కూర్చున్నాడు.

"ఇప్పుడెందుకొచ్చినవో చెప్పు" అంది.

"స్కూలోళ్లు బండి తియ్యొద్దన్నరు. నువ్వు రాసిస్తే..."

"రాసిస్త. అప్పుడు ఏం చెప్పిన్నో ఇప్పుడు సుత గదే చెప్త. గని నాకొక్కటి చెప్పు. ఒప్పుకొమ్మని నిన్నెవరన్నా కొట్టిండ్రా? బెదిరించిండ్రా?"

పద్మారావు నగర్ ఇంట్లో ఆ రోజు వేసిన కుర్చీ, ఇచ్చిన కాఫీ తిరుమల్‌కు గుర్తొచ్చాయి. కాఫీ బాగుంది కూడా.

"లేదక్కా" అన్నాడు.

"అయితే అది సుత రాస్త" అని బానో మళ్లీ మిషన్ చక్రం మీద చెయ్యి వేసింది.