వెనక ఎవరొస్తున్నారు?

ఉత్తరపు మంచుసీమలోని మా పీల్ నది రేవులో పంటు ఎక్కడానికి ఏ బండి వచ్చినా ఎఫీ అత్తయ్య అడిగే మాట ఒక్కటే: "వెనక ఎవరొస్తున్నారు?" నమస్కారం లేదు, కుశలప్రశ్న లేదు. డ్రైవరు అద్దం దించుతుండగానే అడిగేసేది. డాసన్ ఊరి నుంచి మా రేవుదాకా ఐదువందల కిలోమీటర్లకు పైగా కంకర రోడ్డు. మధ్యలో ఉన్నది ఒకే ఒక్క పెట్రోలు బంకు. ఫోను పలకదు. ముందు వచ్చినవాడే వెనకవాడి కబురు మోసుకురావాలి. ఎవరి టైరు పగిలింది, ఎవరు బంకులో పడుకున్నారు, ఎవరు పిల్లలతో మెల్లగా వస్తున్నారు, అన్నీ అత్తయ్య బుర్రలోనే ఉండేవి. కాగితం మీద ఒక్క ముక్క రాసి ఎరగదు.

ఒకసారి పట్నం నుంచి వచ్చిన ఒక ఆఫీసరుకు ఈ ప్రశ్న నచ్చలేదు. నా వెనక ఎవరొస్తే నీకెందుకన్నాడు. అత్తయ్య పంటుకు అడ్డంగా కట్టిన గొలుసు దించలేదు. చలిలో అలాగే నిలబడి, తెచ్చుకున్న ఎండుచేప నములుతూ అతని వంక చూసింది. కాసేపటికి అతనే, ఎర్ర కారొకటి వస్తోందని గొణిగాడు. అప్పుడు గొలుసు దిగింది. కుక్కల బండ్ల కాలంలో వాళ్ల నాన్న ఏ గుడారం దగ్గర ఆగినా ముందు వెనకవాళ్ల కబురు చెప్పి, ఆ తర్వాతే టీ కప్పు అందుకునేవాడట. ఆ తండ్రికి ఈ కూతురు పుట్టకపోతే ఎవరు పుడతారు?

ఆమె భర్త ఎలైజా మా అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ. ఆ రేవులో నేను లోడరు నడుపుతాను. నీళ్లు తగ్గితే కంకర ముందుకు తోసి పంటుకు దారి చేయాలి, పెరిగితే వెనక్కి లాగాలి. నదికి విసుగు లేదు, నాకుంది. అత్తయ్య ఇరవై ఆరేళ్లుగా పంటు మీద గొలుసు వేస్తూ తీస్తూ ఉన్నా, విసుగన్న మాట ఆమె నోట వినలేదు.

ఆకులు రాలాక కారిబూలు, అంటే మంచుసీమ దుప్పులు, మందలుగా కొండలు దిగి రోడ్డు దాటే రోజుల్లో మాకొక కట్టుబాటు ఉంది. ముందు నడిచే గుంపును కదిలించకూడదు. అవి బెదిరి దారి మార్చుకుంటే వెనక వచ్చే వేల జంతువులూ అటే పోతాయి. ఊరంతా ఆ చలికాలం డబ్బా మాంసంతో సరిపెట్టుకోవాలి. అందుకని ముందుగుంపు దాటేదాకా తుపాకీ పేలదు, హారన్ మోగదు. రోడ్డు పక్కన మనవాళ్ల బండి ఆగి ఉంటే, మనిషి పొదల్లో కాచుకుని కూర్చున్నాడని అర్థం. వేగం తగ్గించి, చప్పుడు లేకుండా పక్కనుంచి జారుకుంటాం. ఉగ్గుపాలతో వచ్చిన మర్యాద ఇది. ఒక ఏడు ఆ మర్యాదే మా కొంప ముంచబోయింది.

అది అక్టోబరు చివరి వారం. నది మీద మంచు పలకలు దిగుతున్నాయి. ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన ఇనుప తీగ ఆధారంగా పంటు నడిపే సరంగు హ్యూబర్ట్, అత్తయ్యకు అక్క కొడుకు, ఆ ఉదయమే చెప్పేశాడు. ఇవాళే ఆఖరు, సాయంత్రం ఆరింటికి పంటును ఒడ్డుకు లాగేస్తానన్నాడు. ఆ తర్వాత నది గడ్డకట్టి బండి బరువు మోసేదాకా మూడు నాలుగు వారాలు అవతలివాళ్లు అవతలే, ఇవతలివాళ్లు ఇవతలే. మబ్బు నేలకు అంటుకుపోయి ఉంది, హెలికాప్టరు ఎగిరే ఆశ కూడా లేదు. మా ఊరు నదికి ఉత్తరపు ఒడ్డున. దక్షిణానికి వెళ్లి తిరిగి రావలసినవాళ్లు ఇంకెందరో అత్తయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. నేను, కట్టెలకు పోయిన అన్నదమ్ములు, సరుకుల లారీ, ఎలైజా మామయ్య. మామయ్య ముందురోజు మధ్యాహ్నం వేటకు పోయాడు. రాత్రికో, పొద్దున్నకో వస్తానన్నాడు.

నాలుగు రోజులు సెలవు పెట్టి డాసన్ వెళ్లిన నేను పది గంటలకు దక్షిణపు ఒడ్డున దిగాను. అత్తయ్య అలవాటు ప్రకారం అడిగింది. కొండ దిగువ వాగు దగ్గర మామయ్య బండి చూశానని, బానెట్ మీద ఫ్లాస్కు కూడా ఉందని, చీమ చిటుక్కుమనకుండా దాటి వచ్చానని గొప్పగా చెప్పాను. అత్తయ్య మురిసిపోయింది. "మీ మామకు నాకన్నా ఆ కారిబూలంటేనే మోజు. పెళ్లినాడు కూడా కొండవైపే చూస్తూ నిలబడ్డాడు" అంది. నేను బండి అక్కడే పెట్టి లోడరు ఎక్కాను.

పన్నెండింటికి కట్టెల అన్నదమ్ములు వచ్చారు. వాళ్లూ అదే చెప్పారు: వాగు దగ్గర బండి ఉంది, మేం అలికిడి చేయలేదు. ఈసారి అత్తయ్య నవ్వలేదు. నది వైపు చూసింది. పలకలు పొద్దుటికన్నా పెద్దవయ్యాయి. ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటే పళ్లు కొరికినట్టు చప్పుడు. నేడో రేపో పంటు ఆగుతుందని తెలుసు కదా, ఇంకా ఆ కొండనెందుకు పట్టుకు వేలాడుతున్నాడని ఆమె విసుక్కుంది. ఆ తర్వాత ప్రతి పది నిమిషాలకూ రేవు ఎక్కి రోడ్డు చివరిదాకా చూసి రావడం మొదలుపెట్టింది.

రెండింటికి సరుకుల లారీ వచ్చింది. డ్రైవరు రేజాన్ తూర్పు రాష్ట్రంవాడు, ఆ రోడ్డుకు కొత్త. అత్తయ్య ప్రశ్నకు అతను తీరిగ్గా జవాబు చెప్పాడు. వాగు దగ్గర పాత ఆకుపచ్చ బండి ఉందట. అద్దాల నిండా మంచు పేరుకుపోయి ఉందట. సాయం కావాలేమోనని ఆపి హారన్ కొట్టాడట, మూడుసార్లు.

హ్యూబర్ట్ మండిపడ్డాడు. ముందుగుంపు దాటేచోట హారన్ కొట్టే మొనగాడివి నువ్వొక్కడివే దొరికావా అన్నాడు. నేనూ నాలుగు తగిలిద్దామని లోడరు దిగాను. అత్తయ్య చెయ్యెత్తి ఇద్దరినీ ఆపింది.

"మూడుసార్లు కొట్టావా?"

"అవునమ్మా."

"ఎవరూ వచ్చి నిన్ను తిట్టలేదా?"

"లేదు. ఎవరూ రాలేదు."

అత్తయ్య నా వైపు తిరిగి, "బెర్తా, బండి తియ్యి. హారన్ విని మీ మామ తిట్టలేదంటే, ఆయన కాళ్ల మీద లేడు" అంది.

హ్యూబర్ట్ నది వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. "పిన్నీ, ఆరుదాకా ఉంటాను. ఆ తర్వాత తీగ తెగితే పంటూ పోతుంది, దాని మీది మనుషులూ పోతారు. నన్ను తిట్టుకోకు." ముందు లారీని దాటించమంది అత్తయ్య, ఊరికి నెల్లాళ్ల తిండి అందులోనే ఉందని. దాటించి ఇటువైపుకే వచ్చి ఉండమంది. ఆరయితే వెళ్లిపొమ్మని కూడా ఆమే చెప్పింది.

డెబ్బై కిలోమీటర్లు. కంకర మీద సన్నటి మంచు, చక్రాలు జారిపోతున్నాయి. తొందరపడితే గుంటలో పడతాం, తొందరపడకపోతే వెలుగు పోతుంది. అత్తయ్య రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నన్ను తిడుతుందని చూశాను, తిట్టలేదు. సగం దారిలో ఒక్క మాట అడిగింది: "నువ్వు చూసినప్పుడు అద్దాల మీద మంచుందా?"

"చూడలేదత్తయ్యా" అన్నాను. అబద్ధం చెప్పి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో. నేను చూసింది బండినే. చూడకుండా దాటడమే మర్యాదనుకున్నాను.

మూడున్నర దాటాక చేరాం. అత్తయ్య ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసింది. రాయిలా ఉంది. ఫ్లాస్కు పక్కన మూతలో టీ పోసి ఉంది. అది గడ్డకట్టి మూతకు అంటుకుపోయింది. పోసుకున్న టీ తాగకుండా లేచిపోయాడంటే ఏదో కంటబడి ఉండాలి. అడుగుల మీద కొత్త మంచు కురిసింది, గుర్తులు లేవు. అత్తయ్య పేరు పెట్టి పిలిచింది. ఎలైజా! ఆ పిలుపు కొండకు తగిలి తిరిగి వచ్చింది. అంత చప్పుడు ఆ రోజుల్లో అక్కడ ఎవరైనా చేయగా నా జన్మలో వినలేదు.  ఆమె మళ్లీ పిలిచింది.

వాగు లోపల, విల్లో పొదల కింద ఉన్నాడు. రాళ్ల మీద జారి తుంటి విరిగింది. బొచ్చుకోటు టోపీ ముఖందాకా లాక్కుని, ముడుచుకుని పడున్నాడు. కనుబొమ్మలు మంచుతో తెల్లబడ్డాయి. బతికే ఉన్నాడు. అత్తయ్య మోకాళ్ల మీద కూలబడి ఆ ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆయన కళ్లు తెరిచి అన్న మొదటి మాట, "హారన్ కొట్టిందెవడు?"

తుపాకీ పక్కనే ఉంది, తూటాలు నిండుగా ఉన్నాయి. మూడుసార్లు పేలిస్తే ఆపదలో ఉన్నారని ఆ రోడ్డు మీద ఎవరికైనా తెలుస్తుంది. ఎందుకు పేల్చలేదని అత్తయ్య అడిగింది. 

"ముందుగుంపు దిగుతోందే. రాత్రంతా నా పక్కనుంచే నడిచాయి. పేలిస్తే మళ్లిపోయేవి. ఊళ్లో ఏ ముఖం పెట్టుకుని తిరగను?" అన్నాడు. తర్వాత నన్ను చూశాడు. "పొద్దున నీ బండి చప్పుడు పోల్చుకున్నానే బెర్తా. మంచిపిల్లవు. బాగా మెల్లగా పోయావు."

ఆ మెప్పు కన్నా చెంపదెబ్బ నయం. నేను వెనక్కి తిరిగి బండిలోని పట్టా తేవడానికి పరిగెత్తాను. వెనక అత్తయ్య అంటున్నది వినిపించింది: "నీ ముఖం సంగతి సరే. నువ్వు పోతే నేను ఏ ముఖం చూసుకుని బతకాలి, మొండి మనిషీ?"

పట్టా మీద పడుకోబెట్టి ఈడ్చుకొచ్చాం. కదిలినప్పుడల్లా ఆయన పళ్లు బిగించాడు, అరవలేదు. అలవాటు. తిరుగుదారిలో అత్తయ్య ఆయన పాదాలను తన చొక్కాలో, పొట్టకు ఆనించి పెట్టుకుంది. గడియారం మాత్రం చూడవద్దని నాకు చెప్పింది. నేను చూస్తూనే ఉన్నాను. ఐదు నలభై. ఆరు. ఆరుంబావు. నది మలుపు తిరిగితే రేవు ఖాళీగా ఉంటుందనే అనుకున్నాను.

పంటు ఉంది. హ్యూబర్ట్ పొడుగాటి కర్రతో పలకలను నెడుతున్నాడు. ఆరయిపోయింది కదరా అంది అత్తయ్య. "నా గడియారం ఆగిపోయింది పిన్నీ" అన్నాడు. నది సగంలో ఒక పెద్ద పలక వచ్చి ఢీకొట్టింది, పంటు ఒక పక్కకు ఒరిగింది, తీగ మూలిగింది. ఏటా ఆఖరు పంటు మీద నదికి మొక్కుగా చిటికెడు పొగాకు వేయడం అత్తయ్య పని. ఆ సాయంత్రం మామయ్య జేబులోంచి సంచీ మొత్తం తీసి నీళ్లలోకి విసిరేసింది. అదంతా వేసేస్తావేమే, సగం ఉంచమని ఆయన మూలిగాడు. ఆమె పట్టించుకోలేదు.

మామయ్య బతికాడు. రెండు కాలివేళ్లు పోయాయి, తుంటిలో ఇనుప ముక్క వేశారు. ఆ ఏడు మంద మాత్రం మా వైపు దిగలేదు, పడమటి కొండల మీదుగా పోయింది. రేజాన్ హారన్ వల్లనో, అత్తయ్య కేకల వల్లనో, గాలి మారడం వల్లనో ఎవరూ చెప్పలేరు. ఊళ్లో మాంసం అరలన్నీ ఖాళీ. ఎవరూ అత్తయ్యను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆమె దుకాణానికి వెళ్తే మాటలు ఆగిపోయేవి, ఆమె తలవంచుకుని డబ్బాలు తీసుకుని వచ్చేసేది.

మరుసటి ఏడు అదే కాలంలో అత్తయ్యా నేనూ ఆ రోడ్డు మీద వస్తున్నాం. వాగుకు కాస్త ఇవతల మా ఊరి ఫ్రెడ్డీ బండి ఆగి ఉంది. కొండ వాలు మీద ముందుగుంపు, పదిహేను ఇరవై దాకా, నింపాదిగా దిగుతోంది. నేను వేగం తగ్గించాను. అత్తయ్య ఆపమంది. దిగి వెళ్లి ఫ్రెడ్డీ బానెట్ మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉన్నట్టుంది, చెయ్యి తీయకుండా కొండ వైపు చూస్తూ నిలబడింది. తర్వాత వచ్చి కూర్చుని, నా మీదుగా వంగి హారన్ మీద అరచెయ్యి పెట్టింది.

"అత్తయ్యా, ముందుగుంపు" అన్నాను.

"కనిపిస్తోంది" అంది. కళ్లు మూసుకుని నొక్కింది.

కొండ మీద తలలన్నీ ఒక్కసారి మా వైపు తిరిగాయి. పొదల్లో ఏ కదలికా లేదు. ఆమె మళ్లీ నొక్కింది. అప్పుడు ఫ్రెడ్డీ లేచాడు. చేతి తొడుగులు నేలకేసి కొట్టి, అత్తయ్యను, ఆమె పంటును, ఆమె ఏడు తరాలనూ కలిపి తిట్టడం మొదలుపెట్టాడు. అత్తయ్య అద్దం పూర్తిగా దించింది. అతను ఊపిరి అందక ఆపేదాకా ఒక్క తిట్టూ వదలకుండా విని, చెంపలు తుడుచుకుంది.

"ఫ్రెడ్డీ వెనకున్నాడు" అంది. "పోనీయ్."